ముప్పై వేల పక్షుల, ప్రయాణాల ఫొటోలు: ఎక్కడ, ఎలా పంచుకోవాలి?

ప్రశ్న (కొరిటెపాడు, గుంటూరు నుంచి)

అందరికీ నమస్కారం. బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించి నాలుగేళ్లయింది. ఉద్యోగంలో ఉండగానే ఒక పాత కెమెరా, 70–300 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు కొనుక్కుని ఆదివారం పూట ఉప్పలపాడు చెరువు గట్టుకు వెళ్లడం అలవాటు చేసుకున్నాను. క్రమంగా అది కొల్లేరు సరస్సు దగ్గరి ఆటపాక, నాగార్జునసాగర్, అరకు, హంపి దాకా పాకింది. ఈ 11 ఏళ్లలో దాదాపు 30 వేల ఫొటోలు పోగయ్యాయి. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే ఇంట్లో మూడు డిస్కులు ఉన్నాయి గాని గోడ మీద ఒక్క బొమ్మా లేదు.

ఇంతవరకు నేను పంచుకున్నదల్లా బంధువుల వాట్సాప్ గ్రూపులోనే. “సూపర్ బాబాయ్” అన్న మాట వస్తుంది, పది నిమిషాల్లో దాని కిందికి పెళ్లి భోజనాల ఫొటోలు వచ్చి చేరుతాయి. నేను పంపిన గూడబాతు (పెలికాన్) ఫొటో ఎన్ని చేతులు మారిందో గాని చివరకు నా దగ్గరికే తిరిగి వచ్చింది, దాని ఈకలు మైనపు ముద్దలా తయారయ్యాయి. పోయిన ఏడాది ఒక సంస్థ గోడ క్యాలెండరులో నా ఎర్రకాళ్ల కొంగ కనిపించింది. మూలన ఉన్న నా పేరును మాత్రం నీట్‌గా కత్తిరించారు.

కాబట్టి నా సందేహాలు ఇవి. నాబోటి ఔత్సాహికుడు ఫొటోలను ఎక్కడ పెడితే వాటికి విలువ ఉంటుంది? తీసిన చోటును చెప్పాలా, దాచాలా? ఆటపాకలో పక్షుల గూళ్ల కోసం నిలబెట్టిన ఇనుప స్టాండ్లు ఫొటోలో అసహ్యంగా పడుతున్నాయి. వాటిని సాఫ్ట్‌వేర్‌తో తుడిచేస్తే తప్పా?

మొదటి సమాధానం (పటమట, విజయవాడ నుంచి)

అయ్యా, ముందుగా వాట్సాప్ సంగతి. ఫొటోను ఫొటోగా పంపితే అది కుదించి పంపుతుంది, దానితోపాటు కెమెరా రాసిపెట్టిన తేదీ, షట్టరు వేగం వంటి వివరాలు కూడా పోతాయి. డాక్యుమెంటుగా పంపితే అసలు ఫైలు అలాగే చేరుతుంది. అయితే ఫోనుతో తీసిన ఫొటో అయితే అందులో జీపీఎస్ స్థానం కూడా దాగి వెళ్లే అవకాశం ఉందని గుర్తుంచుకోండి. ఇంటి పెరట్లో తీసిన పిట్ట బొమ్మ ఇంటి చిరునామానే చెప్పేస్తుంది.

ఇక ఎక్కడ అన్నది మీరు ఏం కోరుకుంటున్నారో దాన్ని బట్టి ఉంటుంది. చూసి మెచ్చుకునేవారు కావాలంటే ఫొటోలు పంచుకునే ఫ్లికర్ వెబ్‌సైటు ఉంది, ఉచిత ఖాతాలో 1000 ఫొటోల వరకే పెట్టనిస్తారు. మీకు నిజానికి ఆ హద్దు మేలే చేస్తుంది, ఎందుకంటే 30 వేలల్లోంచి వెయ్యి ఏరడమే మీ అసలు పని. ఫొటో రికార్డుగా నిలవాలంటే పక్షులకు ఈ-బర్డ్, మిగతా జీవులన్నిటికీ ఐ-నాచురలిస్ట్ అనే వెబ్‌సైట్లు ఉన్నాయి. ఈ-బర్డ్‌లో ఆ రోజు చూసిన పక్షుల జాబితా రాసి, దానికి ఫొటోను జతచేస్తారు. ఆ ఫొటో అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర కేంద్రం నిర్వహించే మెకాలే లైబ్రరీలో భద్రపడుతుంది. ఐ-నాచురలిస్ట్‌లో మీరు పేరు తెలియని పురుగు ఫొటో పెట్టినా, ఎక్కడో ఉన్న నిపుణుడు వచ్చి పేరు చెబుతాడు. అక్కడ ఫొటో అందంగా ఉందా లేదా అని ఎవరూ అడగరు. మసకగా ఉన్నా జీవిని గుర్తుపట్టగలిగితే చాలు, తేదీ, చోటు మాత్రం ఉండాలి. మీరు సిగ్గుపడి డిస్కులో దాచిన ఫొటోల్లో సగం అక్కడ పనికొస్తాయని నా అనుభవం.

రెండవ సమాధానం (పొన్నూరు నుంచి, జీవశాస్త్రం బోధిస్తాను)

చోటు గురించి. ఈ విషయంలో చాలామంది ఒకే సూత్రాన్ని అన్ని పక్షులకూ వర్తింపజేసి పొరపాటు చేస్తున్నారు. ఉప్పలపాడును దాచడంలో అర్థం లేదు. ఆ ఊరికి దారి చూపే బోర్డులున్నాయి, చెరువులోని చెట్ల మీద వాలే గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను, కంకణాలను (ఐబిస్ పక్షులను) ఆ ఊరివాళ్లే కాపాడుకుంటున్నారు. పేరు చెబితే వాళ్ల శ్రమకు గుర్తింపు దక్కుతుంది. కాని మీ పొలం గట్టు తాటిచెట్టు తొర్రలో గుడ్లగూబ గూడు పెట్టిందనుకోండి, దాని చోటును ఎవరికీ చెప్పకండి, పక్షి ఎగిరిపోయి నెలలు గడిచే వరకు ఆ ఫొటోను పెట్టనే పెట్టకండి. గుడ్లగూబలను మూఢనమ్మకాల కోసం పట్టి అమ్మేవారు మన దగ్గర ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఆ చట్టాన్ని లెక్కచేయని వాళ్లకు మీ ఫొటో దారి చూపకూడదు. ఐ-నాచురలిస్ట్‌లో ముప్పులో ఉన్న జీవుల స్థానాన్ని వాళ్లే మసకబరుస్తారు, సుమారు 20 కిలోమీటర్ల చదరంలో ఎక్కడో ఒకచోట చుక్క పెడతారు. మిగతా చోట్ల ఆ జాగ్రత్త మీరే తీసుకోవాలి.

గూళ్ల ఫొటోల మీద నాకు ఇంకొక అభ్యంతరం ఉంది. ఎండ వేళ ఎర్రకాళ్ల కొంగ రెక్కలు చాచి పిల్లలకు నీడ పడుతుంది. మంచి ఫొటో కోసం మనం ఇంకో పది అడుగులు ముందుకు వేస్తే తల్లి లేచిపోతుంది, పిల్లలు ఎండకు మాడతాయి, లేదా కాకి వచ్చి ఎత్తుకుపోతుంది. మన లెన్సు 300తో ఆగిపోతే ఫొటోలో పక్షి చిన్నగానే పడనివ్వండి.

ఇనుప స్టాండ్లను తుడవవద్దు. మీ ఫొటోలో నిజంగా విలువైనది అదే. గూడబాతులకు కొల్లేరుతో ఉన్న సంబంధం ఇవాళ్టిది కాదు. ఆ సరస్సు దగ్గరలోని ఒక గూడబాతుల కాలనీ గురించి పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ 1949లోనే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాశారు. ఆ తరువాతి దశాబ్దాల్లో అక్కడి నుంచి పక్షులు వెళ్లిపోయాయి. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల గట్లను తెగగొట్టారు. ఇన్ని మార్పుల మధ్య పక్షి మళ్లీ గూడు కట్టడానికి మనిషి ఇనుప కొయ్యలు పాతవలసి వచ్చిందని మీ ఫొటో చెబుతోంది. దాన్ని తుడిచేస్తే మిగిలేది ఏ దేశంలోనైనా తీయగలిగిన పక్షి బొమ్మ.

మూడవ సమాధానం (భవానీపురం, విజయవాడ నుంచి)

క్యాలెండరు విషయంలో మీ పక్షాన చట్టం ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మీరు మీ కోసం తీసుకున్న ఫొటో మీదే, దాన్ని ఎక్కడా నమోదు చేయించనక్కరలేదు; మీ జీవితకాలమంతా, ఆ తరువాత మరో 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. మూలన పేరు వేయడం వల్ల లాభం తక్కువ, కత్తిరిస్తే పోతుంది. పూర్తి కొలత ఫైలును మీ దగ్గర ఉంచుకుని, 1600 పిక్సెళ్లకు తగ్గించిన ప్రతిని బయట పెట్టండి. ఎప్పుడైనా తగువు వస్తే అసలు ఫైలు ఎవరి దగ్గరుందన్నదే మీకు బలమైన సాక్ష్యం.

పై ఇద్దరూ చెప్పని చోటు ఒకటుంది, వికీపీడియా వ్యాసాలకు ఫొటోలు అందించే ఉచిత భండారం వికీమీడియా కామన్స్. తెలుగు వికీపీడియాలో మన ఊళ్ల వ్యాసాలకు, పక్షుల వ్యాసాలకు మంచి ఫొటోల కొరత ఉంది, మీ హంపి ఫొటోలు అక్కడ వెయ్యిన్నొకటవవి అవుతాయి గాని మీ చుట్టుపక్కల ఊరి చెరువు ఫొటో మొదటిది కావచ్చు. అయితే ముందే తెలుసుకోండి: అక్కడ పెట్టిన ఫొటోను మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, క్యాలెండరు వేసి అమ్ముకోవచ్చు కూడా, ఒకసారి ఇచ్చిన ఆ అనుమతిని వెనక్కి తీసుకోలేరు. కాబట్టి గోడకు తగిలించుకోదగిన పదింటిని మీ దగ్గరే ఉంచుకుని మిగతావి ఇవ్వమంటాను. మా ఇంట్లో ఈ సలహాతో ఏకీభవించనివారు ఉన్నారు, “ఊరికే ఇచ్చేదానికి ఇంత పెట్రోలు దేనికి?” అని.

ప్రయాణాల ఫొటోలను తక్కువ చేయకండి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారినప్పుడు నేను వంతెన అవతలి నుంచి హడావిడిగా తీసిన నాలుగు ఫొటోలను, ఆ తరువాత చూసినవాళ్లంతా తేదీ, వేళ అడిగారు. సూర్యాస్తమయాల ఫొటోలు ఇరవై పెట్టాను, వాటి గురించి ఒక్కరూ ఏమీ అడగలేదు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి ఒక డిస్కు తెరిచి ఉప్పలపాడు ఫొటోలను ఏడాది వారీగా పెట్టి చూశాను. ఒకే చెట్టును తెలియకుండానే ఏడేళ్లపాటు తీశానని తేలింది. మొదటి ఫొటోలో పచ్చగా ఉన్న కొమ్మలు చివరి ఫొటోలో రెట్టతో తెల్లబడి మోడువారాయి. పక్షి మీదే కన్నుండి ఆ చెట్టును ఇంతకాలం చూడలేదు. ఆ ఏడు ఫొటోలను తేదీలతో కామన్స్‌లో పెడతాను. ఆటపాకలో స్టాండ్లను తుడిచేసిన ప్రతులను తీసేసి, అసలు ఫైళ్లను ఈ-బర్డ్ జాబితాలకు జతచేస్తాను. ఒక్క సందేహం మిగిలింది: పాత ఫొటోలకు అప్పటి పక్షుల లెక్క నా దగ్గర లేదు. అంకె లేకుండా జాబితా ఒప్పుకుంటారా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

ఒప్పుకుంటారు. లెక్క తెలియని చోట అంకెకు బదులు ఎక్స్ అక్షరం పెట్టవచ్చు, అంటే ఆ పక్షి ఉందని మాత్రమే అర్థం. జాబితాలో చూసిన పక్షులన్నీ రాశారా అని అడిగినచోట “కాదు” అని నొక్కండి. కెమెరా గడియారం ఆ రోజుల్లో సరిగా ఉందో లేదో మాత్రం ఒకసారి చూసుకోండి, నాది రెండేళ్లపాటు పన్నెండు గంటలు వెనక ఉండి, పట్టపగలు తీసిన కొంగలన్నీ అర్ధరాత్రివిగా నమోదయ్యాయి.