"ఒకపరి జగములు వెలినిడి": రెండో పాదంలో నుభయమా, నభయమా?

హన్మకొండ నుంచి (ప్రశ్న):
పెద్దలకు నమస్కారం. పోతన గారి భాగవతంలో, గజేంద్ర మోక్షంలోని కందం ఒకటి నాలుక మీద ఆడుతోంది గానీ రెండో పాదం దగ్గర ఆగిపోతున్నాను. "ఒకపరి జగములు వెలినిడి యొకపరి లోపలికి గొనుచు..." ఆ తర్వాత "నుభయము దానై" అనా, "నభయము దానై" అనా? మా నాన్నగారు "నభయము" అనే చదివేవారు. చెవిలో అదే నిలిచింది. చివరి రెండు పాదాలు మాత్రం గుర్తున్నాయి: "సకలార్థ సాక్షి యగు న / య్యకలంకుని నాత్మమూలు నర్థి దలంతున్".

అడగడానికి కారణం ఉంది. మా కాలనీ గ్రంథాలయంలో పెట్టడానికి, ఇంటి కంప్యూటర్‌కు ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు వాడుకునే తాత్కాలిక మెమరీ) వేసుకోవడం గురించి రెండు పేజీలు రాస్తున్నాను. ర్యామ్ చాలనప్పుడు విండోస్ అప్పటికి వాడకంలో లేనివాటిని డిస్క్ మీది పేజ్ ఫైల్‌లోకి నెట్టేస్తుంది. మనం మళ్లీ ఆ విండో మీద క్లిక్ చేస్తే లోపలికి తెచ్చుకుంటుంది. 4 జీబీ సిస్టమ్‌లో బ్రౌజర్, వర్డ్, వీడియో కాల్ మూడూ తెరిస్తే ఇక ఇదే పని. డిస్క్ లైటు ఆరదు, మౌస్ కదలదు. ఆ పేజీల పైన ఈ పద్యం పెట్టాలని నా కోరిక. అందుకే ఒక్క అక్షరం కూడా తప్పు పోకూడదు.

జనగామ:
"నుభయము" సార్, సందేహం అక్కర్లేదు. కందం రెండో పాదంలో నాలుగో గణం మొదటి అక్షరం యతి స్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన కుదరాల్సిన చోటు. "యొకపరి"లో యొ, అంటే ఒ. దానికి ఉ, ఊ, ఒ, ఓలే కుదురుతాయి. "నుభయము"లో ను ఉంది, సరిపోయింది. "నభయము" అంటే అక్కడ అ వస్తుంది, యతి చెడుతుంది. పోతన గారి ఊరు బమ్మెర మా జిల్లాది, ఈ పద్యం తప్పు చదివితే మా ఊళ్లలో పిల్లలే దిద్దుతారు.

హుజూరాబాద్:
యతి మాట ఒప్పుకుంటాను. కానీ "నభయము" అనేవాళ్లను తేలిగ్గా తీసేయకండి. మొసలి నోట్లో కాలు చిక్కిన ఏనుగు అడిగేది అభయమే కదా. సందర్భం వల్లే ఆ పాఠం జనం నోట పుట్టి ఉంటుంది. నాలుగో పాదంలో "య్యకలంకుని"కి "నర్థి"లో న కుదిరినప్పుడు...

జనగామ:
అక్కడ అ–అ సార్. ఏ పాదం యతి ఆ పాదానిదే. నాలుగో పాదాన్ని చూపించి రెండో పాదాన్ని నిలబెట్టలేం.

కరీంనగర్:
అన్నా, పద్యం సంగతి పెద్దలు చూస్తారు. మీ పేజీల్లో ఇవి తప్పకుండా ఉండాలి. ర్యామ్ రకాల్లో డీడీఆర్4కీ, డీడీఆర్5కీ పిన్నులు 288 చొప్పునే. షాపులో చేతికిస్తే ఒకేలా కనిపిస్తాయి. అడుగున గాటు మాత్రం వేరే చోట ఉంటుంది, వోల్టేజీ కూడా డీడీఆర్4కు 1.2, డీడీఆర్5కు 1.1. గాటు కలవకపోతే బలంగా నొక్కొద్దని పెద్ద అక్షరాల్లో రాయండి. కొనడానికి ముందు టాస్క్ మేనేజర్‌లో పర్ఫామెన్స్, అందులో మెమరీ చూస్తే స్పీడ్ ఎంతో, స్లాట్లు ఎన్ని నిండాయో తెలుస్తుంది. 2666 స్పీడ్‌ది ఉన్నచోట పక్కన 3200ది వేస్తే రెండూ 2666 దగ్గరే నడుస్తాయి. అది తప్పేం కాదు, ఎక్కువ డబ్బు పెట్టడమే దండగ. ల్యాప్‌టాప్‌ది పొట్టి ర్యామ్, డీడీఆర్4 అయితే 260 పిన్నులు. సర్వర్లలోంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ చవగ్గా దొరుకుతుంది, అది ఇంటి బోర్డులో పనిచేయదు. 32 బిట్ విండోస్ ఉన్న ఇంట్లో 4 జీబీ పైన ఎంత వేసినా ఫలితం ఉండదు, ముందు 64 బిట్‌కు మారాలి.

మహబూబాబాద్:
"వెలినిడి"ని ఎలా విడదీస్తున్నారు? "వెలి నిడి" అని రెండు ముక్కలుగా అచ్చు వేసిన ప్రతి చూశాను. "నిడి" అనే క్రియ ఎక్కడుంది? వెలిన్ + ఇడి కదా. బయట ఉంచి అని. ద్రుతాన్ని, అంటే "వెలిన్" చివరి నకారాన్ని, తెచ్చి తర్వాతి మాటకు అంటిస్తే చదివేవాడు "నిడి" కోసం నిఘంటువు వెతుక్కుంటాడు. వెలివాడ, వెలివేత అన్నప్పుడు వినిపించే "వెలి" ఇదే.

పరకాల:
నాకు "ఒకపరి", అంటే ఒకసారి, దగ్గరే మనసు ఆగిపోయింది. మా అమ్మ ఇప్పటికీ "ఒక్కపారి ఇటు రా బిడ్డా" అంటుంది. పోతన మాట మా వంటింట్లో ఇంకా బతికే ఉంది.

హుజూరాబాద్:
అది ఉర్దూ "బారీ" నుంచి వచ్చిందని నా అభిప్రాయం. "ఏక్ బార్" అంటారు కదా. నిజాం కాలంలో మన నోటికి అంటుకున్న మాటలు కొల్లలు.

పరకాల:
ఆసఫ్‌జాహీల పాలన మొదలైంది 1724లో. పోతన 15వ శతాబ్దం వారు. ఆయన "పరి" అని రాసేనాటికి నిజాములే లేరు కదా సార్. అప్పటికే సొంతంగా ఉన్న మాటకు అప్పు అంటగట్టడం ఎందుకు?

హుజూరాబాద్:
"పరి" పాతదే, కాదనను. దీర్ఘం ఎక్కడిది మరి? పరి పారి ఎట్లయింది? ఆ దీర్ఘం మీదనే నా అనుమానం.

జనగామ:
పోతన ఏ మాట వాడినా అది నాగలి పట్టిన చేయి రాసిన మాటలాగే ఉంటుంది. ఈ కందంలో చూడండి. మొదటి పాదంలో అన్నీ లఘువులే (పొట్టి అక్షరాలే), పన్నెండుకు పన్నెండు. లోకాలను బయట పెట్టడం అంత అలవోకగా జరిగిపోతుంది. "లోపలికి" దగ్గర మొదటి గురువు (సాగే అక్షరం) పడుతుంది, నడక నెమ్మదిస్తుంది. నాకు ఈ పద్యంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

ఖమ్మం:
జనగామ వారి లెక్క సరైనదే. గొంతెత్తి చదివితే ఇంకా బాగా తెలుస్తుంది. కానీ అసలు చిక్కు "ఉభయము దానై"లో ఉంది. ఏ ఉభయం? వెలి, లోపలి రెండూ తానేననా? బయటపెట్టేవాడూ, బయటపడే జగమూ తానేననా? మొదటిది చోటు గురించి, రెండోది కర్త గురించి. నేను రెండోదాని వైపు.

మహబూబాబాద్:
నేను మొదటిదాని వైపు. వెంటనే "సకలార్థ సాక్షి" వస్తోంది. సాక్షి అంటే చూసేవాడు. తానే జగమైతే ఇక చూడటానికి ఏముంటుంది?

ఖమ్మం:
అన్నీ తానై ఉండి కూడా అంటకుండా చూడగలడు కాబట్టే "అకలంకుడు" అన్నారు మేడమ్. తర్వాతి పాదం చదవండి.

పరకాల:
ఒక మాట చెప్పాలనిపిస్తోంది, హన్మకొండ సార్ ఏమీ అనుకోవద్దు. పరమాత్మను తలచుకునే పద్యాన్ని ర్యామ్ మీద పెట్టడం నాకు నచ్చలేదు. కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. సాక్షికి అది పోలిక కాదు.

హన్మకొండ:
మీ మాట కాదనను. మొదటి రెండు పాదాలే పెడదామనుకున్నాను, సాక్షి దాకా పోను. పోతన పద్యం ఏ కారణంతోనైనా పదిమంది కళ్ల ముందు ఉండటం మంచిదని నా నమ్మకం. కరీంనగర్ తమ్ముడూ, నువ్వు చెప్పినవన్నీ రాసుకున్నాను. మా బోర్డులో నాలుగు స్లాట్లున్నాయి, 8 జీబీవి రెండు తెస్తున్నాను. ఎక్కడెక్కడ వేయాలి?

కరీంనగర్:
ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది. చాలా బోర్డుల్లో అంతే, అయినా మాన్యువల్ ఒకసారి చూడండి. అట్లా వేస్తే ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య ఉండే రెండు ఛానళ్లూ (దారులు) కలిసి పనిచేస్తాయి. ముందు ప్లగ్ పీకి, కేబినెట్ ఇనుము ముట్టుకోండి. స్టిక్‌ను అంచులు పట్టుకుని, గాటు చూసుకుని, రెండు కొసలా సమంగా నొక్కండి. క్లిప్పు టక్కున పడాలి. ఆన్ చేస్తే స్క్రీన్ రాకుండా బీప్ వస్తే టెన్షన్ పడకండి, తీసి మళ్లీ కూర్చోబెట్టండి. చాలాసార్లు సరిగ్గా కూర్చోకపోవడమే కారణం.

హుజూరాబాద్:
చూశారా, కరీంనగర్ వారు "ఒకసారి" అన్నారు. మా దగ్గర "ఒక్కపారి", "ఒక్కతాప" రెండూ వింటాను. ఆదిలాబాద్ వైపు వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, మీ ఇళ్లలో "పారి"లో దీర్ఘం ఉందా, లేదా?