విడాకుల లాయర్ దేశాధ్యక్షుడయ్యాడంట, ఎవరాయన?

తిరుపతి జూనియర్:
అన్నా, ఇక్కడ కోర్టులో జూనియర్‌ని. బల్గేరియాలో ఎవరో విడాకుల కేసుల లాయర్ ఏకంగా అధ్యక్షుడైపోయాడని మా సీనియర్ అన్నారు, పేరు అడిగేలోపు కేసు పిలిచేశారు. తెలిస్తే చెప్పండి.

చిత్తూరు బార్:
పీటర్ స్టోయనోవ్. 1952లో ప్లోవ్‌దివ్‌లో పుట్టాడు, సోఫియా యూనివర్సిటీలో లా చదివి సొంతూళ్లోనే ప్రాక్టీస్ పెట్టాడు. కమ్యూనిస్టు పాలన కూలాక రాజకీయాల్లోకి వచ్చి న్యాయశాఖలో డిప్యూటీ మంత్రిగా చేశాడు. అసలు మజా 1996లో ఉంది. అప్పుడు ప్రభుత్వం సోషలిస్టులది; ప్రతిపక్షాల అభ్యర్థి ఎవరో జనమే ఓటేసి తేల్చాలన్నారు, అందులో పదవిలో ఉన్న అధ్యక్షుడు ఝెల్యు ఝెలెవ్‌నే ఓడించి, తర్వాత అసలు ఎన్నికా గెలిచాడు. 1997 జనవరిలో కుర్చీ ఎక్కేసరికి బ్యాంకులు మూతపడి, ధరలు మండిపోయి, జనం రోడ్ల మీద ఉన్నారు. సోషలిస్టులను కూర్చోబెట్టి మాట్లాడి, కొత్త ప్రభుత్వం ఏర్పాటు చేసే ప్రయత్నం వాళ్లే వదులుకునేలా చేసి, ఆపద్ధర్మ ప్రభుత్వంతో ఏప్రిల్‌లో ఎన్నికలు జరిపించాడు. మొగుడూపెళ్లాల పంచాయితీలు తీర్చిన అనుభవం అక్కడ పనికొచ్చిందని నా అనుమానం!

తిరుచానూరు వాసి:
అంత దూరం ఎందుకు సార్, మా ఊళ్లో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గారు కూడా లాయరే. మొదట తిరుపతి నుంచి, 1957లో చిత్తూరు నుంచి గెలిచారు, లోక్‌సభ స్పీకర్‌గా చేశారు.

పీలేరు బ్రదర్:
స్టోయనోవ్‌ని మరీ ఎత్తేయకండి బ్రదర్. 1999లో కొసోవో యుద్ధమప్పుడు, పక్కనున్న యుగోస్లావియా మీద బాంబులేసిన నాటో వైపు నిలబడితే అక్కడ చాలామందికి మింగుడుపడలేదు. 2001లో రెండో రౌండులో సోషలిస్టు గియోర్గి పర్వనోవ్ చేతిలో ఓడిపోయాడు కూడా.