డ్రోసెరా విత్తనాలకు పీట్ మాస్ కొనాల్సిందేనా? కోకోపీట్‌తో కాదా?

కొత్తకుండీ:
పురుగుల్ని పట్టి తినే మొక్క డ్రోసెరా కేపెన్సిస్ విత్తనాలు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఫ్లాట్‌లో ఎండ రాదు కాబట్టి ఎల్‌ఈడీ లైటు కిందే మొలిపించాలి. అందరూ పీట్ మాస్ (చిత్తడి నేలల్లో నాచు కుళ్ళి పేరుకున్నది), పెర్లైట్ (తేలికపాటి తెల్లటి రాతి గుళికలు) అంటున్నారు. కొరియర్‌తో కలిపి చూస్తే ఖర్చు బాగానే అవుతోంది. ఇంట్లో కోకోపీట్ ఇటుక ఉంది, సరిపోతుందా?

మిద్దెతోట_రాజు:
నిక్షేపంలా సరిపోతుంది. ఎక్కడో కెనడాలో తవ్విన పీట్ మనకెందుకండీ? కోనసీమలో కొబ్బరి పొట్టు గుట్టలుగా పడి ఉంటుంది. రెండు మూడు సార్లు నానబెట్టి పిండితే ఉప్పంతా పోతుంది. అసలు డ్రోసెరా బర్మానీ, డ్రోసెరా ఇండికా మన దేశంలో ఇసుక నేలల్లో వాటంతట అవే పెరుగుతాయి. అక్కడ పీట్ ఎవరు పోశారు?

వానచినుకు:
రాజుగారూ, అవి పెరిగే ఇసుకలో సారం ఉండదు, ఏటా వానకు కడుక్కుపోతుంది. ఈ మొక్కలు పురుగుల్ని తినేదే నేలలో ఏమీ దొరకదు కాబట్టి. కొబ్బరి పీచును చాలాచోట్ల ఉప్పునీళ్ళలో ఊరబెడతారు, ఆ సోడియం, పొటాషియం పొట్టులోనే ఉండిపోతాయి. వాటిని పోగొట్టడానికి కొందరు కాల్షియం నైట్రేట్‌తో కడుగుతారు. టమాటాకు మంచిదే, డ్రోసెరాకు అదీ ఎరువే. పైగా పీట్‌కు ఉండే పులుపు కోకోపీట్‌కు ఉండదు.

లెక్కలమాస్టారు:
ముందు నీళ్ళ సంగతి చూడండి. టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాల లెక్క, 50 లోపు ఉండాలి. మా బోరు నీళ్ళలో మీటరు పెడితే 600 దాటుతుంది. వాననీళ్ళు, ఏసీ నీళ్ళు పనికొస్తాయి. ఆర్వో అయితే మళ్ళీ మినరల్స్ కలిపే రకమేమో చూసుకోండి.

మిద్దెతోట_రాజు:
అదిగో, ఇప్పుడు మీటరు కూడా కొనాలి! తర్వాత లైటు, టైమరు. మొక్క పెంచుతున్నామా, ఐసీయూ పెడుతున్నామా?

చలిమిడి:
విత్తనాలు నెలరోజులు ఫ్రిజ్‌లో పెట్టాలని విన్నానే?

వానచినుకు:
అది డ్రోసెరా రొటుండిఫోలియా లాంటి చలిదేశపు రకాలకు. కేపెన్సిస్ దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతానిది, దానికి అక్కర్లేదు. మట్టి పైన చల్లి వదిలేయాలి, కప్పకూడదు. వెలుతురు తగిలితేనే మొలుస్తుంది. కుండీని పళ్ళెంలో వేలెడు లోపు నీళ్ళలో నిలబెట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి, రోజుకు 14 గంటల లైటు ఇస్తే సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో పచ్చటి చుక్కల్లా కనిపిస్తాయి. కోకోపీట్‌లోనూ ఒక్కోసారి మొలుస్తాయి. మొలిచాక మాడిపోతే దిగులు పడకండి, కారణం పైన రాశాను.

మిద్దెతోట_రాజు:
మొలిస్తే కదా మాడేది. పోయినేడు మేడమ్ ఇక్కడ పంచిన విత్తనాలు నేనూ వేశాను. ఒక్కటంటే ఒక్కటి రాలేదు.

వానచినుకు:
ఆ మాట ఎప్పుడొస్తుందా అనే చూస్తున్నాను. అవి నా మొక్కకు కాసినవి. కవర్లు, స్టాంపుల ఖర్చు కూడా నాదే. ఆ కాయల్లోవే మాస్టారికి మొలిచాయి. మీరు నన్నొక మాట అడగకుండా ‘నకిలీ విత్తనాలు అంటగడుతున్నారు’ అని వాట్సాప్ గ్రూపులో రాశారు. ఆ తర్వాత నన్ను విత్తనాలు అడిగినవాళ్ళు లేరు.

లెక్కలమాస్టారు:
నాకు మొలిచిన మాట నిజం. పీట్‌లో వేశాను.

మిద్దెతోట_రాజు:
మాస్టారూ, మీరు మధ్యలో దూరకండి. మేడమ్, ఏళ్ళ తరబడి మిద్దె మీద కూరగాయలు పండిస్తున్నాను. విత్తనం మొలవలేదని చెబితే ‘మీ మట్టి బాగాలేదు, మీ నీళ్ళు బాగాలేవు’ అని నలుగురిలో పాఠం చెప్పింది మీరు. మీకు పండిందే పద్ధతి, మాది చేతకానితనం. డబ్బున్నవాళ్ళకే ఈ మొక్కలని బోర్డు పెట్టేయండి, పోతుంది.

వానచినుకు:
డబ్బు లేదనే వాననీళ్ళు డ్రమ్ముల్లో పట్టుకుంటాను. మీకు కోపం పీట్ మీద కాదు, ఓ ఆడమనిషి మీ మట్టికి వంక పెట్టిందని.

మిద్దెతోట_రాజు:
ఆడ, మగ గొడవ ఇందులోకి లాగకండి.

చలిమిడి:
రెండు పెరుగు కప్పుల్లో వేయొచ్చుగా, ఒకదాంట్లో ఇది, ఇంకోదాంట్లో అది.

కొత్తకుండీ:
అదే చేద్దామని ప్యాకెట్ విప్పాను. పది గింజలున్నాయి, ఆవాలంత లావుగా, కొంచెం ఎర్రగా. కప్పుకు ఐదు చొప్పున వేస్తే చాలా?

లెక్కలమాస్టారు:
బాబూ, అవి డ్రోసెరా విత్తనాలు కావు. కేపెన్సిస్ విత్తనం నల్లటి పొడిలా ఉంటుంది, తుమ్మితే ఎగిరిపోతుంది. వేలితో పట్టుకుని లెక్కపెట్టగలిగారంటే మోసపోయారన్నమాటే. డబ్బు వెనక్కి అడగండి.

వానచినుకు:
అడ్రసు మెసేజ్ పెట్టండి, నావి పంపుతాను. స్వయంగా పరాగసంపర్కం చేసుకునే మొక్క, ఒక్క కాడకే బోలెడు విత్తనం. ఫ్రిజ్‌లో దాచాను. పీట్‌లోనే వేస్తానంటేనే పంపుతాను.

మిద్దెతోట_రాజు:
చూశారా షరతు! తమ్ముడూ, సగం తీసి నా కోకోపీట్‌లో వెయ్యి. కడిగిన పొట్టు నేనే పంపిస్తా, కొరియర్ ఖర్చు నాది.

వానచినుకు:
ఆ పొట్టు ఏ నీళ్ళతో కడిగారో ముందు చెప్పండి.

మిద్దెతోట_రాజు:
బోరు నీళ్ళతోనే. ఏం?