కిలోల్లో తూచిన పెట్రోలు లీటర్లలోకి మారిస్తే లెక్క కుదరట్లేదు. తప్పు కాటాదా, బ్యూరెట్‌దా?

ల్యాబ్_కుర్రాడు (మద్దిలపాలెం)

ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో అసిస్టెంటుగా చేస్తున్నాను. మా దగ్గర పాత పెట్రోలు జనరేటర్ ఉంది. దానికి నాలుగు 200 వాట్ల బల్బులు లోడు. పెట్రోలు డబ్బాని ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి అరగంట నడిపితే 342 గ్రాములు తగ్గింది. అంటే గంటకి 0.684 కిలో. కానీ రికార్డులో గంటకి ఎన్ని లీటర్లో రాయాలి.

మాన్యువల్‌లో పెట్రోలు డెన్సిటీ 0.71 (లీటరుకి కిలోల్లో) అని ఉంది. ఆ పేజీ మీద టీ మరక చూస్తే అది నా కంటే పెద్దదని తెలుస్తోంది. దాంతో భాగిస్తే 0.963 లీటరు. నమ్మకం కుదరక, పెట్రోలు కొన్న బంకు బిల్లు తీసి చూశాను. దాని మీద డెన్సిటీ 755 (ఘనమీటరుకి కిలోల్లో) అని ఉంది, అంటే లీటరుకి 0.755 కిలో. దాంతో భాగిస్తే 0.906 వచ్చింది. పోనీ అని పెట్రోలు దారి మళ్లించే త్రీవే కాక్ తిప్పి, బ్యూరెట్ (మిల్లీలీటర్ల గీతలున్న గాజు గొట్టం) నుంచి నడిపాను. 10 మిల్లీలీటర్లకి మూడుసార్లు చూస్తే 38.7, 38.9, 39.1 సెకన్లు. సగటు తీసుకుంటే గంటకి 0.925 లీటరు.

ఒకే ఇంజను, ఒకే లోడు, మూడు జవాబులు. రేపు పిల్లలకి ఏది చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. షెడ్డులో 33 డిగ్రీలు, ఉక్కపోత వేరే.

బీచ్‌రోడ్_బుల్లెట్

బంకులో లీటర్లలోనే పోస్తారు కదా గురూ, మళ్లీ కిలోలెందుకు? 😀

డిప్‌రాడ్_మాస్టారు (సింధియా)

బాబూ, నీ కాటాదీ తప్పు కాదు, బ్యూరెట్‌దీ తప్పు కాదు. బిల్లు మీది 755 కూడా నిజమే కావచ్చు. అయితే అది నీ షెడ్డులో ఉన్న పెట్రోలు డెన్సిటీ కాదు. 15 డిగ్రీల దగ్గర ఎంతుంటుందో లెక్కగట్టిన అంకె అది. బంకు వాళ్లు జాడీలో డెన్సిటీ చూపే హైడ్రోమీటరు, థర్మామీటరు ముంచి, ఆ వేడి దగ్గర వచ్చిన రీడింగుని పట్టిక చూసి 15 డిగ్రీలకి మార్చి రాస్తారు. అలా మారిస్తేనే డిపో చలాన్‌తో పోల్చడానికి వీలవుతుంది. ఘనమీటరుకి 3 కిలోలకి మించి తేడా ఉంటే లారీలో వచ్చిన సరుకు దించుకోరు.

1957లో విశాఖ మల్కాపురంలో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చినప్పుడు మా నాన్న అందులో చేరారు. తర్వాత నేనూ ట్యాంకులెక్కి డిప్ కొట్టే (గీతల కడ్డీ ముంచి లోతు చూసే) పనిలోనే రిటైరయ్యాను. కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడికీ ఒకటే చెప్పేవాణ్ని: కిలో కదలదు, లీటరు కదులుతుంది. పెట్రోలు డిగ్రీకి సుమారు 0.12 శాతం ఉబ్బుతుంది. 15 నుంచి 33కి 18 డిగ్రీలు, అంటే రెండు శాతం పైనే. 12 వేల లీటర్ల లారీని ఈ ఎండలో నింపితే, అదే సరుకు 15 డిగ్రీల దగ్గర 11,740 లీటర్లే అవుతుంది. మిగతా 260 లీటర్లు ఎవరూ కొట్టేయలేదు, అదంతా వేడే.

కాబట్టి కిలోల్ని డెన్సిటీతో భాగించడం వరకూ నువ్వు చేసింది కరెక్టే. 755 పెట్రోలు 33 డిగ్రీల దగ్గర 739 అవుతుంది. 0.684ని 0.739తో భాగించి చూడు. 0.71 సంగతి వదిలెయ్. మన ప్రమాణం ప్రకారం ఇప్పటి పెట్రోలు 15 డిగ్రీల దగ్గర 720 నుంచి 775 దాకా ఎంతైనా ఉండొచ్చు. పుస్తకంలో ఉన్న అంకె మీ డబ్బాలో ఉన్నట్టు కాదు.

రెండు అనుమానాలు. డబ్బా మూత తెరిచి పెట్టావా? ఈ వేడికి పెట్రోలు ఇంజన్లోకి పోకుండానే ఆవిరైపోతుంది, కాటా దాన్నీ ఖర్చు కిందే చూపిస్తుంది. ఇంజను ఆపి కాసేపు రీడింగు చూడు. ఇంకోటి, డబ్బా నుంచి వచ్చే పైపు బిగుసుకుని కాటాని లాగుతోందేమో చూసుకో. డెన్సిటీ నువ్వే కొలుచుకుంటే మరీ మంచిది. కొలిచేటప్పుడు మాత్రం జనరేటర్ ఆపి, దూరంగా గాలి ఆడే చోట. చెప్పలేదనకు.

గాజువాక_స్కానర్

మాస్టారి మాటే మాట. నేను కార్ల కంప్యూటర్ స్కానింగ్ చేస్తాను, మా దగ్గర ఇదే గొడవ ఇంకో రూపంలో వస్తుంది. కారుకి కలిపిన ఫోన్ యాప్‌లో గంటకి ఇన్ని లీటర్లు అని చూపిస్తుంది కదా, చాలా బళ్లలో అది పెట్రోలుని కొలవదు. సెకనుకి ఎన్ని గ్రాముల గాలి పోతోందో చూసి, దాన్ని 14.7తో (గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి కావాల్సిన గాలి గ్రాములు) భాగించి, వచ్చిన పెట్రోలు గ్రాముల్ని డెన్సిటీతో భాగిస్తుంది. గాలి 4 గ్రాములైతే గంటకి 980 గ్రాముల పెట్రోలు, డెన్సిటీ 0.74 అనుకుంటే 1.32 లీటర్లు. కానీ 14.7 ఉత్త పెట్రోలుకి. ఇప్పుడు బంకుల్లో పోసే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి అది 13.5 దగ్గర ఉంటుంది. అప్పుడు 1.44 లీటర్లు. వేడి వల్ల వచ్చే తేడా రెండు శాతమే, ఇక్కడ ఏకంగా తొమ్మిది శాతం. యాప్‌లో ఒక లెక్క, ట్యాంకులో ఇంకో లెక్క అని కస్టమర్లు నా మీదకొస్తారు.

ల్యాబ్_కుర్రాడు

మాస్టారూ, కెమిస్ట్రీ ల్యాబ్ నుంచి 100 మిల్లీలీటర్ల ఫ్లాస్కు, చిన్న కాటా అడిగి తెచ్చుకున్నాను. వరండాలో చెట్టు వైపు కూర్చుని చేశాను, జనరేటర్ ఆపే ఉంది. మొదటిసారి ఫ్లాస్కు బయట పెట్రోలు తడి తుడవకుండా తూచేసి 74.6 చూసి కంగారుపడ్డాను. తుడిచి, గీత దాకా సరిగ్గా నింపితే 73.9 గ్రాములు. అంటే 0.739. మీరు సింధియాలో కూర్చుని చెప్పిన అంకె!

0.684 ÷ 0.739 = 0.926. బ్యూరెట్ చెప్పింది 0.925.

డబ్బా మూతకి సన్నటి చిల్లు ఒక్కటే ఉంది. ఇంజను ఆపి ఇరవై నిమిషాలు చూశాను, ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. పైపు విషయంలో మాత్రం మీ అనుమానం నిజమే. చేత్తో కదిలిస్తే రీడింగు నాలుగు గ్రాములు ఎగిరింది, ఇప్పుడు స్టాండుకి క్లాంపు వేసి కట్టాను.

మాన్యువల్‌లో 0.71 కొట్టేసి, పక్కన "ఆ రోజు కొలిచి రాయవలెను" అని రాశాను. పిల్లలు రికార్డులో ఆ వాక్యాన్నే డెన్సిటీ కాలమ్‌లో కాపీ చేస్తారేమోనని భయంగా ఉంది.