కొరియాలో రెండు నెలలు: క్లాసులో వచ్చిన భాష అంగట్లో రావట్లేదు

సువాన్‌లో అనంతపురం అమ్మాయి:

అందరికీ నమస్కారం. పెళ్ళయ్యాక మా వారితో సువాన్ వచ్చి రెండు నెలలైంది. బయల్దేరే ముందు మూడు నెలలు ఆన్‌లైన్ క్లాసు విన్నాను. కొరియన్ లిపి హంగుల్‌లో మూలాక్షరాలు 24 కాబట్టి చదవడం, రాయడం వారంలో వచ్చేశాయి. కానీ బయటికి వెళితే నోరు పెగలట్లేదు.

నిన్న మా వీధి చివర చిన్న స్టోర్‌లో పెరుగు, అరటిపండ్లు తీసుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డాను. అక్కడి అబ్బాయి ఏదో అడిగాడు. అర్థం కాలేదు. మళ్ళీ అడిగాడు. నా వెనకాల అప్పటికే ముగ్గురు ఉన్నారు. టెన్షన్‌లో "నే, నే" అనేశాను, అంటే అవునని. చేతిలో నా గుడ్డసంచి ఉండగానే కవరుకి డబ్బు తీసుకుని అందులో వేసిచ్చాడు. చిన్న విషయమే, కానీ రాత్రి ఏడుపొచ్చింది. ఇక్కడ ఉన్నవాళ్ళు మాట్లాడటం ఎలా నేర్చుకున్నారో చెప్తారా?

తేజాన్‌లో ఆరేళ్ళుగా:

అమ్మాయ్, ఆ అబ్బాయి అడిగింది "పొంగ్తు పిర్యోహాసెయో?" అయ్యుంటుంది. పొంగ్తు అంటే సంచీ, కవరు. కావాలా అని అడగడం. వద్దనుకుంటే "క్వెన్చనాయో" అంటే చాలు. ఏ స్టోర్‌కి వెళ్ళినా ఇదే ప్రశ్న. వేడిచేసే తిండి కొంటే "తెవొ తురిల్కాయో?" అని కూడా అడుగుతారు, వేడిచేసి ఇమ్మంటారా అని. ఈ రెండూ చెవికి పడితే కౌంటర్ దగ్గర సగం భయం పోతుంది. (తెలుగులో నేను రాసేవి దగ్గరి శబ్దాలే. చాలాచోట్ల "ఒ" అని రాసింది మన ఒ-కీ అ-కీ మధ్యలో ఉంటుంది, పెదాలు గుండ్రంగా చుట్టకూడదు.)

నాకు మాటలు వచ్చింది తేజాన్ స్టేషన్ దగ్గరున్న చుంగాంగ్ మార్కెట్లో. ఆకుకూరలమ్మే ఒక పెద్దావిడ దగ్గరికి వారం వారం వెళ్ళేదాన్ని. ఒకరోజు పాలకూర కట్టకి డబ్బులిచ్చాక, ఆవిడ ఇంకో గుప్పెడు తీసి నా సంచిలో పడేసి "తొమ్" అంది. కొసరు! డిక్షనరీ తీయనక్కర్లేకపోయింది. ఆ మాటని ఇంగ్లీషులో చెప్పాలంటే ఒక వాక్యం పడుతుంది, మనకి ఒక్క మాట.

ఆ రోజు నుంచి కొరియన్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవడం మానేశాను. ఒక్కతే కూతురైనా మనం "మా అమ్మ" అంటాం కదా, వీళ్ళూ "ఉరి ఒమ్మా" అంటారు. "మొగొ బ్వాయో" అంటే తిని చూడండి. మొగొ తిని, బ్వాయో చూడండి, అచ్చంగా మన వరసే. "నెగా మొగున్ పప్" నేను తిన్న అన్నం. సెలవు తీసుకునేటప్పుడు కూడా అంతే, వెళ్ళేవాళ్ళు ఉండేవాళ్ళని "అన్న్యొంగి కెసెయో" అంటారు, క్షేమంగా ఉండండి అని. ఉండేవాళ్ళు "అన్న్యొంగి కాసెయో", క్షేమంగా వెళ్ళండి.

ఒక చలికాలం ఆ పెద్దావిడ పొగలు కక్కే పులుసు కాగితం కప్పులో పోసుకుని తాగి "షివొన్‌హాదా" అంది. నేను చదువుకున్న అర్థం చల్లగా ఉందని. కప్పు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది! మర్నాడు స్నానం చేస్తుంటే తట్టింది, కడుపు చల్లబడింది అని మనం అనమూ?

ఒక్కచోట మాత్రం తెలుగుని నమ్ముకోకు. మన "మీరు" లాంటి మాట కోసం వెతికితే పుస్తకంలో "తంగ్షిన్" కనిపిస్తుంది. పెద్దవాళ్ళని, ముక్కూ మొహం తెలియనివాళ్ళని అలా పిలిస్తే గొడవకి దిగినట్టు ఉంటుంది. హోటల్లో వడ్డించే ఆవిడైతే "ఇమో", అంటే అమ్మ తోబుట్టువు, మన పిన్ని. షాపు యజమాని అయితే "సాజంగ్‌నిమ్". ఏమీ తెలియకపోతే "యొగియో", ఇక్కడండీ అని పిలిచినట్టు.

పెనుకొండ నుంచి:

చెల్లెమ్మా, నేను కొరియా చూడలేదు. 2019లో కియా కార్ల తయారీ ఇక్కడ మొదలయ్యాక మా ప్రాంతంలో కొరియన్లు కనిపించడం మామూలైంది. నేను పనిచేసే విడిభాగాల యూనిట్‌కి వచ్చే ఇంజనీర్ల దగ్గరే విని నేర్చుకున్నాను. నన్ను బాగా ఏడిపించింది అంకెలు. రెండు రకాలున్నాయి, గంటకి ఒకటి, నిమిషాలకి ఇంకొకటి. మూడున్నర అంటే "సే షి సామ్‌షిప్ పున్". సే, సామ్ రెండూ మూడే. మనం కూరగాయలు తెలుగులో లెక్కపెట్టి ఫోన్ నంబరు ఇంగ్లీషులో చెప్పమూ, అలా అనుకున్నాకే దారికొచ్చింది. గోడగడియారం చూసిన ప్రతిసారీ టైము పైకి చెప్పుకోండి.

సియోల్ స్టూడెంట్:

అక్కా, మెట్రోలో ఫోన్ పక్కన పెట్టి అనౌన్స్‌మెంట్ వినండి. "నెరిషిల్ మునున్ వెన్‌చ్చోగిమ్నిదా": దిగే తలుపు ఎడమ వైపు. రోజుకి ఇరవైసార్లు ఒకే వాక్యం, ఒకే గొంతు, ఇంతకంటే మంచి టీచర్ దొరకదు. క్లాసు కూడా కావాలంటే న్యాయశాఖ వాళ్ళ సామాజిక సమైక్యతా కోర్సు ఉంది, 0 నుంచి 5 దాకా స్థాయిలు. తర్వాత వీసా విషయంలోనూ పనికొస్తుంది.

సువాన్‌లో అనంతపురం అమ్మాయి:

తేజాన్ అక్కా, ఈ రోజు "పొంగ్తు క్వెన్చనాయో" అని అడక్కముందే చెప్పేశాను! ఆ అబ్బాయి నవ్వి తలూపాడు. ఆ ఊపులో పల్దాల్‌మున్ మార్కెట్‌కి కూడా వెళ్ళొచ్చాను. పచ్చిమిరపకాయలమ్మే అవ్వ కారం ఎక్కువని చెయ్యి ఊపింది, నేను అవే కావాలన్నాను. నాలుగు ఎక్కువ వేసింది కానీ తొమ్ అనలేదు. నన్ను "సెదెక్" అని పిలిచింది. ఏంటది?

తేజాన్‌లో ఆరేళ్ళుగా:

కొత్త పెళ్ళికూతురు. కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయిని పెద్దవాళ్ళు ముద్దుగా అలా పిలుస్తారు. వచ్చే వారం కూడా ఆవిడ దగ్గరే కొను.