అప్‌డేట్: జీన్‌ఫోర్జ్ మొదలుపెట్టాను

జీన్‌ఫోర్జ్ అనే కంప్యూటర్ ఆటల సిరీస్‌ను 2001 నాటి తొలి ఆటతో మొదలుపెట్టాలా, 2021లో వచ్చిన దాని కొత్త రూపం ‘మ్యూటజెన్’తోనా అని ఇంతకుముందు అడిగాను. ఎక్కువమంది మ్యూటజెన్ అన్నారు, అదే ఆడాను. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఈ ఆటలో షేపర్లంటే మంత్రశక్తితో జీవులను సృష్టించేవాళ్లు. అడుగుపెట్టకూడని సూసియా దీవికి కొట్టుకొచ్చిన శిష్య షేపర్ మనం. నా తొలి సృష్టి ఫయోరా, నిప్పు ఊదే చిన్న బల్లి. దానికి పోసిన ఎసెన్స్ (సృష్టికీ మంత్రాలకూ ఖర్చయ్యే శక్తి) అది బతికున్నంతకాలం మన చేతికి రాదు, తిరిగి మనలో కలిపేసుకుంటే దక్కుతుంది. సైన్యం పెరిగేకొద్దీ మన మంత్రాలకు మిగిలేది తగ్గుతుంది. ఎంత చక్కని లెక్క!

అంతకంటే నన్ను కదిలించింది సర్వైల్స్, అంటే షేపర్లు చేసిన సేవక జాతి. సేవకోసం తమను పుట్టించిన షేపర్లు దీవి వదిలి వెళ్లిపోతే, వీళ్లు సొంత ఊళ్లు కట్టుకున్నారు. వీళ్లలో మూడు వర్గాలున్నాయి. ఒబేయర్లకు ఇంకా యజమానులే దిక్కు. అవేకెన్డ్ సమాన గౌరవం కోరతారు. టేకర్లకు షేపర్లంటే పగ. నేను అవేకెన్డ్ పక్షాన చేరాను. ఆ తరువాత ఎసెన్స్ కోసం నా ఫయోరాను కరిగించడానికి చేతులు రాలేదు.

ఈ ఆటను చేసిన, జెఫ్ వోగెల్ స్థాపించిన స్పైడర్‌వెబ్ లాంటి చిన్న సంస్థ ఇంత పెద్ద ప్రశ్న వేయడం నిజంగా గొప్ప. ఇక సిరీస్‌లోని రెండో ఆటకు 2024లో వచ్చిన కొత్త రూపం ‘ఇన్ఫెస్టేషన్’ మొదలుపెడుతున్నాను.