ఐఫెల్ టవర్‌కు ఉక్కు ఎందుకు వాడలేదు?

ప్రశ్న:
ఉక్కును చౌకగా తయారుచేసే పద్ధతికి బెసెమర్ 1856లోనే పేటెంటు తీసుకున్నాడు. అయినా 1889లో పూర్తయిన ఐఫెల్ టవర్‌ను ఇనుముతోనే కట్టారు. ఆ మరుసటి ఏడాది స్కాట్లండులో ప్రారంభమైన ఫోర్త్ రైలు వంతెనకు మాత్రం ఉక్కు వాడారు. ఒకే కాలపు ఇంజనీర్లు ఇలా చెరో దారి పట్టడానికి ఖరీదు ఒక్కటే కారణమా?

జవాబు 1:
ఇనుము అన్న ఒక్క మాటతో రెండు వేర్వేరు సరుకులను కలిపేస్తున్నాం, చిక్కంతా అక్కడే ఉంది. పోత ఇనుములో కార్బన్ సుమారు 2 నుంచి 4 శాతం ఉంటుంది. అది బరువును నిబ్బరంగా మోస్తుంది కానీ, లాగితే సాగకుండా పుటుక్కున విరుగుతుంది. 1779లో ఇంగ్లండులోని సెవెర్న్ నదిపై నిలబెట్టిన ఇనుప వంతెనను కమానుగా కట్టింది అందుకే, ఎందుకంటే కమానులో దాదాపు అంతటా ఒత్తిడే తప్ప లాగుడు ఉండదు. దాని అతుకులు చూడముచ్చటగా ఉంటాయి: వడ్రంగి ఒక చెక్క కొసను ఇంకో చెక్క బెజ్జంలో దూర్చి చీల బిగించినట్టే ఇనుమునూ బిగించారు. చేత ఇనుము సంగతి వేరు. అందులో కార్బన్ దాదాపు లేనట్టే, చిట్టెం (ఇనుము కరిగించినప్పుడు మిగిలే మలినం) మాత్రం సన్నని పోగుల్లా ఉండిపోతుంది కనుక వంచి విరిస్తే కర్రలా చీలుతుంది. ఐఫెల్ టవర్‌లో ఉన్నది ఈ రకమే.

జవాబు 2:
ఖరీదు కన్నా నమ్మకం పెద్ద కారణమని నా అభిప్రాయం. బెసెమర్ కొలిమిలో ఒక దఫా దాదాపు ఇరవై నిమిషాల్లో ముగిసిపోయేది, భాస్వరం మిగిలిపోతే ఉక్కు పెళుసుగా వచ్చేది. బ్రిటన్‌లో 1877 వరకు వంతెనలకు ఉక్కును అనుమతించనే లేదు. ఫోర్త్ వంతెనకు వాడినది ఓపెన్ హార్త్ కొలిమి ఉక్కు. అది గంటల తరబడి కాగుతుంది కాబట్టి మధ్యలో గరిటెతో నమూనా తీసి, పరీక్షించి, పాళ్లు సరిదిద్దుకోవచ్చు.

ఇంకో సంగతి. ఫోర్త్ వంతెనలో ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా 521 మీటర్ల దూరాన్ని దాటే కట్టడం ముందుగా తన బరువును తానే మోయాలి, అందుచేత తక్కువ బరువుకు ఎక్కువ బలమిచ్చే ఉక్కు అక్కడ తప్పనిసరి. టవర్‌కు అసలు పరీక్ష గాలి, అక్కడ కావలసింది ఊగకుండా నిలిచే బిగువు. ఆ గుణంలో చేత ఇనుముకూ ఉక్కుకూ పెద్ద తేడా లేదు. పైగా ఫ్రాన్సులోని గరాబీ రైలు వంతెనను చేత ఇనుముతోనే కట్టిన ఐఫెల్ సంస్థకు దాని పోకడ బాగా తెలుసు.

ప్రశ్న అడిగినవారు:
చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. అలాగైతే 1879లో స్కాట్లండులో తుఫాను గాలికి కూలిన టే రైలు వంతెన విషయంలో తప్పు పోత ఇనుముదేనా?

జవాబు 1:
సరుకును మాత్రమే నిందించలేం. స్తంభాలు పోత ఇనుమువి, వాటి మధ్య అడ్డంగా బిగించిన పట్టీలు చేత ఇనుమువి. ఆ పట్టీలను పట్టుకునే చెవులను కూడా స్తంభంతో కలిపే పోతపోశారు, అంటే గాలి లాగినప్పుడు ఆ లాగుడంతా పోత ఇనుము మీదే పడింది. బోల్టు రంధ్రాలను తొలచకుండా పోతలోనే వదిలేయడం వల్ల అవి ఒక వైపు సన్నబడ్డాయి, బోల్టు అంచు మీద మాత్రమే ఆనింది. పోతలో పడిన బుడగల గుంటలను మైనం, ఇనుప రజను కలిపిన ముద్దతో పూడ్చి కప్పిపుచ్చారని విచారణలో సాక్ష్యం వచ్చింది. ఫోర్త్ వంతెనను అంత దిట్టంగా కట్టడానికి ఈ ప్రమాదం రేపిన భయమే ముఖ్య కారణం.